షుగర్ అదుపు కోసం మినరల్ సప్లిమెంట్లు: కొనేముందు ఏం చూడాలి, ఏం తినాలి?

రిపోర్టులో షుగర్ కాస్త ఎక్కువ కనబడగానే చాలామంది నేరుగా వెళ్లి ఏదో ఒక సప్లిమెంట్ సీసా కొనేస్తారు. నేనూ అదే చేశాను. మూడు నెలలు క్రోమియం మాత్రలు వేసుకున్నాను. అదే మూడు నెలల్లో రాత్రి భోజనం తగ్గించాను, తిన్నాక నడవడం కూడా మొదలుపెట్టాను. తర్వాతి రిపోర్టు బాగానే వచ్చింది కానీ, అది మాత్రల వల్లో నడక వల్లో ఇప్పటికీ చెప్పలేను. మీరు ఆ పొరపాటు చేయకుండా ఉండాలంటే కింది వరుసలో వెళ్లండి. మాత్ర వంతు చివర్లో వస్తుంది, అది కూడా అవసరమైతేనే.

1. ముందు మీ అంకెలు తెలుసుకోండి

పరగడుపున చేసిన పరీక్షలో డెసిలీటర్‌కు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలే. 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కు ముందు దశ. 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, మరోసారి పరీక్షలోనూ అలాగే వస్తే డయాబెటిస్. హెచ్‌బీఏ1సీ (ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత షుగర్ అంటుకుందో చూసే పరీక్ష) అయితే 5.7 శాతం లోపు మామూలు, 6.5 నుంచి డయాబెటిస్. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది.

ఇక్కడే ఖనిజాల ప్రస్తావన మొదలవుతుంది. ఐరన్ లోపంతో రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ అసలు ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అందుకని హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా అప్పుడే చేయించండి, దాని అవసరం తర్వాత వస్తుంది.

2. ప్లేటు సర్దండి

అమెరికాలో ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో డయాబెటిస్ ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవారిలో తగ్గింది 31 శాతమే. నాకు తెలిసి ఏ ఖనిజం మాత్రా ఈ ఫలితం దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ప్లేటులో సగం కూరగాయలు, ఆకుకూరలు పెట్టుకోండి. పావు భాగం పప్పులు, గుడ్లు, చేపలాంటి ప్రొటీన్. మిగిలిన పావులోనే అన్నమో రొట్టో బంగాళదుంపో. తినే వరుస కూడా ముఖ్యమే. కూరగాయలు, ప్రొటీన్ ముందు తిని పిండిపదార్థాన్ని చివర్లో తింటే, అదే భోజనం తర్వాత షుగర్ తక్కువగా పెరుగుతుంది. ఖర్చు లేని కిటుకు ఇది, అయినా పాటించేవాళ్లు తక్కువ. పండును జ్యూస్ చేసుకోకుండా కొరికి తినండి. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడవండి, కండరాలు పనిచేస్తూ రక్తంలోని గ్లూకోజును వాడేసుకుంటాయి.

3. మెగ్నీషియం తిండిలోంచే రాబట్టండి

షుగర్‌కు సంబంధించి నేను నిజంగా పట్టించుకోమని చెప్పే ఖనిజం ఇదొక్కటే. ఇన్సులిన్ వచ్చి కణం మీద కూర్చున్నాక గ్లూకోజును తీసుకోమనే కబురు లోపలికి చేరాలంటే మెగ్నీషియం కావాలి. అది తగ్గితే ఇన్సులిన్ ఉండి కూడా సరిగ్గా పనిచేయదు. ఇంకో చిక్కు ఏంటంటే, షుగర్ బాగా పెరిగినప్పుడు మూత్రం ఎక్కువ అవుతుంది, దాంతోపాటు మెగ్నీషియమూ పోతుంది. అది పోయేకొద్దీ ఇన్సులిన్ ఇంకా నీరసిస్తుంది. నీరు మందులుగా పిలిచే కొన్ని బీపీ మాత్రలు, ఏళ్ల తరబడి వాడే కొన్ని రకాల ఎసిడిటీ మాత్రలు కూడా దీన్ని తగ్గిస్తాయి.

పెద్దవాళ్లలో మగవారికి రోజుకు సుమారు 400 నుంచి 420 మిల్లీగ్రాములు, ఆడవారికి 310 నుంచి 320 కావాలి. గుమ్మడి గింజలు 30 గ్రాములు తింటే దాదాపు 150 వస్తుంది. అంతే బరువు బాదంలో 80, ఉడికించిన పాలకూర అరకప్పులో మరో 80 దాకా ఉంటాయి. ఈ మూడింటితోనే 300 దాటేసింది చూడండి. పప్పులు, చిక్కుళ్లు, తవుడు తీయని ధాన్యాలు కూడా మంచివే. ధాన్యాన్ని పాలిష్ పట్టినప్పుడు మెగ్నీషియంలో ఎక్కువ భాగం తవుడుతోనే వెళ్లిపోతుంది. పీచు కూడా అక్కడే పోతుంది కాబట్టి నష్టం రెండింతలు. గింజల్లో కేలరీలు ఎక్కువ, గుప్పెడు దగ్గర ఆగండి.

రక్తపరీక్షలో మెగ్నీషియం మామూలుగానే ఉందని వచ్చినా పూర్తిగా నమ్మలేం. శరీరంలోని మొత్తం మెగ్నీషియంలో రక్తద్రవంలో ఉండేది ఒక శాతం కూడా కాదు, మిగతాదంతా ఎముకల్లో, కణాల్లో ఉంటుంది. తక్కువ ఉందని వస్తే మాత్రం అది నిజమైన లోపమే.

4. క్రోమియం, జింక్ ప్రకటనలను కాస్త అనుమానంగా చదవండి

క్రోమియానికి పేరు ఊరికే రాలేదు. 1977లో, చాలాకాలంగా రక్తనాళం ద్వారానే ఆహారం అందుకుంటున్న ఒక రోగికి ఇన్సులిన్ ఇచ్చినా షుగర్ అదుపులోకి రాలేదు. క్రోమియం ఇచ్చాక తగ్గింది. అయితే నోటితో తినేవాళ్లలో అంతటి లోపం దాదాపు కనబడదు. 2014లో యూరప్ ఆహార భద్రతా సంస్థ అసలు క్రోమియం అత్యవసర పోషకం అనడానికే నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. నేను మళ్లీ కొనలేదు.

జింక్ సంగతి కొంచెం వేరు. ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి అయిన పాంక్రియాస్‌లో ఇన్సులిన్ అణువులు ఆరేసి చొప్పున జింక్ చుట్టూ కట్టగట్టుకుని నిల్వ ఉంటాయి. ఈ నిజాన్ని పట్టుకునే ప్రకటనలు అల్లుతారు. లోపం లేనివాళ్లు అదనంగా మింగితే ఇన్సులిన్ పెరుగుతుందని అర్థం కాదు. రోజుకు 40 మిల్లీగ్రాములు దాటి చాలాకాలం వాడితే శరీరంలో రాగి తగ్గిపోతుంది కూడా.

సెలీనియంతో ఇంకా జాగ్రత్త. రోజుకు 200 మైక్రోగ్రాముల చొప్పున ఏళ్లపాటు తీసుకున్నవారిలో డయాబెటిస్ పెరిగినట్టు 2007లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. వనేడియం జోలికి అసలు పోవద్దు.

5. లేబుల్ మీద అసలు అంకె వెతకండి

డాక్టరు మెగ్నీషియం మాత్ర వేసుకోమన్నారనుకోండి. సీసా మీద "మెగ్నీషియం సిట్రేట్ 500 మిల్లీగ్రాములు" అని ఉంటే అందులో మెగ్నీషియం 500 ఉన్నట్టు కాదు, 80 దాకా ఉంటుంది, మిగతాది సిట్రేట్ బరువు. ఆక్సైడ్ రకంలో 60 శాతం మెగ్నీషియమే, అయితే ఒంటికి పట్టేది తక్కువ, కడుపు గడబిడ ఎక్కువ. మాత్రల ద్వారా రోజుకు 350 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా ప్రమాణం. దాటితే ముందుగా వచ్చేది విరేచనాలే.

6. మీ మందుల జాబితా డాక్టరుకు చూపించండి

ఈ అడుగు మాత్రం దాటవేయకండి. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే మెగ్నీషియం, పొటాషియం బయటికి పోక ఒంట్లో పేరుకుంటాయి, గుండెకే ప్రమాదం. క్రియాటినిన్ చేయించమన్నది ఇందుకే. కొన్ని బీపీ మందులతో పొటాషియం కలిసినా అంతే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మెగ్నీషియానికీ దానికీ నాలుగు గంటల ఎడం పాటించాలి. కొన్ని యాంటీబయాటిక్స్‌కూ ఎడం కావాలి. షుగర్ మందును సొంతంగా ఆపేసి దాని బదులు సప్లిమెంట్ పెట్టుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

7. ఒక్కో మార్పే చేసి, కొలవండి

మొదటి నెల తిండి, నడక మాత్రమే మార్చండి. గ్లూకోమీటర్ ఉంటే పరగడుపున ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి ఏం తిన్నారో పక్కన రాసుకోండి. వారం రాస్తే చాలు, ఏ భోజనం మిమ్మల్ని ఇబ్బంది పెడుతోందో బయటపడుతుంది. ఆ తర్వాత అవసరమైతేనే మాత్ర మొదలుపెట్టండి, మిగతావేవీ మార్చకండి. మూడు నెలలకు మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయించండి. తేడా లేకపోతే, ఇంకే లోపం కోసమూ రాసింది కాకపోతే, ఆ మాత్ర ఆపేయడం గురించి డాక్టరుతో మాట్లాడండి.

షుగర్ మందులు వాడుతూ తిండి తగ్గించేవాళ్లకు వణుకు, చెమటలు, టెన్షన్‌లా అనిపిస్తే వెంటనే కొలవండి. 70 లోపు ఉంటే 15 గ్రాముల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. ఇది పదే పదే జరుగుతుంటే మందు మోతాదు తగ్గించాల్సి రావచ్చు, డాక్టరును కలవండి.