అంచులు వంకరపోకుండా క్రోషేలో అలల కుట్టు

క్రోషేలో, అంటే కొక్కెం ఉన్న సూదితో (హుక్) దారం అల్లే పనిలో, అలలు తెప్పించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కుట్లు ఒకచోట పెంచుతూ ఇంకోచోట తగ్గిస్తూ వరుసనే వంచడం. అందులో పైఅంచు, కిందిఅంచు కూడా వంకీలుగానే మిగులుతాయి. రెండోది, ఒక్క కుట్టు కూడా పెంచకుండా తగ్గించకుండా, పొట్టి కుట్లూ పొడుగు కుట్లూ పక్కపక్కన వేసి మిట్టపల్లాలు తేవడం. కొత్తవాళ్లకు ఈ రెండోదే నయం. ప్రతి వరుసలోనూ కుట్ల లెక్క ఒకటే కాబట్టి, తప్పు జరిగితే ఆ వరుస చివరే దొరికిపోతుంది. నాలుగంచులూ తిన్నగా వస్తాయి.

కావలసిన కుట్లు నాలుగే. సింగిల్: హుక్ దూర్చి దారం లాగితే రెండు లూపులు, దారం చుట్టి రెండింట్లోంచీ ఒకేసారి లాగేయాలి. హాఫ్ డబుల్: ముందే హుక్‌కి ఒకసారి దారం చుట్టి దూర్చాలి, మూడు లూపులు వస్తాయి, మూడింట్లోంచీ ఒకేసారి. డబుల్: మూడు లూపులే, కానీ రెండేసి చొప్పున రెండుసార్లు లాగాలి. ట్రెబుల్: రెండుసార్లు చుట్టి దూర్చాలి, నాలుగు లూపులు, రెండేసి చొప్పున మూడుసార్లు. ఇవి అమెరికా పద్ధతి పేర్లు. బ్రిటిష్ నమూనాల్లో మన సింగిల్‌ని డబుల్ అనీ, మన డబుల్‌ని ట్రెబుల్ అనీ రాస్తారు. వేరే నమూనా ఏదైనా దీనితో కలపాలనుకుంటే అది ముందు చూసుకోండి.

హుక్ మీది లూప్‌లోంచి దారం లాగితే పడే ఒక్కో గొలుసు కన్నె చెయిన్. ఈ నాలుగింటి ఎత్తు చెయిన్లలో కొలిస్తే వరసగా 1, 2, 3, 4. అల మొత్తం ఈ లెక్క మీదే నిలబడుతుంది. కింద సింగిల్ ఉంటే దాని పైన ట్రెబుల్, హాఫ్ డబుల్ ఉంటే డబుల్, డబుల్ ఉంటే హాఫ్ డబుల్, ట్రెబుల్ ఉంటే సింగిల్. రెండు వరుసలు కలిపితే ఎక్కడ చూసినా 5. అంటే ఒక వరుస మిట్టలు లేపుతుంది, మరో వరుస పల్లాలు పూడుస్తుంది. ఇది బుర్రకెక్కితే నమూనా కాగితం చూడాల్సిన పనే ఉండదు. కింద ఏ కుట్టుందో చూస్తే పైన ఏది వేయాలో తెలిసిపోతుంది.

దారం నున్నగా, లేత రంగుల్లో, నూగు లేకుండా ఉంటే కుట్లు కంటికి ఆనతాయి. లేబుల్ మీద 8 ప్లై లేదా డీకే అని ఉండే మధ్యరకం దారానికి 4 మి.మీ. హుక్ సరిపోతుంది. బాగా తేడా ఉన్న రెండు రంగులు తీసుకోండి, ఒకే రంగులో అల సగం కనబడదు. గుర్తులు పెట్టుకోవడానికి నాలుగైదు మార్కర్లు, లేకపోతే వేరే రంగు దారం ముక్కలు చాలు.

ఒక్కో అలకు 14 కుట్లు, చివర జోడు కుదరడానికి అదనంగా 1. నమూనా ముక్కకు రెండు అలలు, అంటే 29 కుట్లు. మొదటి రంగుతో 30 చెయిన్లు వేయండి. చెయిన్ బిగిస్తే అడుగంచు లోపలికి ముడుచుకుంటుంది, ఎంత ఆవిరి పట్టినా సరికాదు. చెయ్యి బిగువనుకుంటే చెయిన్లకు మాత్రం 4.5 మి.మీ. హుక్ వాడండి.

1వ వరుస: హుక్ నుంచి రెండో చెయిన్‌లో మొదలుపెట్టి చివరిదాకా సింగిల్. 29 రావాలి.

2వ వరుస, మిట్టలు లేపేది: 1 చెయిన్ వేసి తిప్పండి, ఇది లెక్కలోకి రాదు. మొదటి కుట్టులోనే మొదలుపెట్టి 2 సింగిల్, 2 హాఫ్ డబుల్, 2 డబుల్, 3 ట్రెబుల్, 2 డబుల్, 2 హాఫ్ డబుల్, 3 సింగిల్, 2 హాఫ్ డబుల్, 2 డబుల్, 3 ట్రెబుల్, 2 డబుల్, 2 హాఫ్ డబుల్, 2 సింగిల్. ప్రతి మూడు ట్రెబుళ్లలో నడిమి దానికి గుర్తు పెట్టండి. అవి 8వ, 22వ కుట్లు.

3వ వరుస, పల్లాలు పూడ్చేది: రెండో రంగుతో 4 చెయిన్లు వేసి తిప్పండి. ఈ నాలుగూ కలిసి మొదటి ట్రెబుల్. అందుకని మొదటి కుట్టు వదిలేసి రెండోదాంట్లో 1 ట్రెబుల్, తర్వాత 2 డబుల్, 2 హాఫ్ డబుల్, 3 సింగిల్, 2 హాఫ్ డబుల్, 2 డబుల్, 3 ట్రెబుల్, 2 డబుల్, 2 హాఫ్ డబుల్, 3 సింగిల్, 2 హాఫ్ డబుల్, 2 డబుల్, 2 ట్రెబుల్. మూడు సింగిళ్లలో నడిమిది గుర్తు పెట్టిన ట్రెబుల్ నెత్తిన కూర్చోవాలి. పైఅంచు మళ్లీ చదునవుతుంది.

4వ వరుస: అదే రంగుతో 2వ వరుసలాగే. చివరి సింగిల్ కింది వరుసలోని 4 చెయిన్లలో అన్నిటికన్నా పైదాంట్లో వేయాలి.

ఇక 3, 4 వరుసలే, రంగు మార్చుకుంటూ. రంగు ఎప్పుడూ మిట్టల వరుస అయ్యాకే మార్చాలి. పూడ్చిన వరుస తర్వాత మార్చారంటే ఆ గీత తిన్నగా పడుతుంది, అల విరిగినట్టు కనిపిస్తుంది. రెండేసి వరుసలకోసారి మారుస్తాం కాబట్టి దారాలన్నీ ఒకే అంచున ఉంటాయి. మార్చేటప్పుడు చివరి సింగిల్‌లో రెండు లూపులు మిగిలాక కొత్త రంగుతో లాగి ముగించండి. పాత రంగుతోనే ముగిస్తే కొత్త చారకు (ఒకే రంగులో వేసిన రెండు వరుసలకు) మొదట్లో పాత రంగు మచ్చ మిగులుతుంది. రంగులు రెండే అయితే దారం తెంచకుండా అంచు వెంట పైకి తీసుకుపోవచ్చు, కాస్త వదులుగా. లాగి పట్టుకుంటే ఆ పక్క అంచు కురచబడుతుంది. మూడు నాలుగు రంగులైతే తెంచడమే మంచిది, కనీసం 15 సెం.మీ. కొస వదలండి.

తప్పులు ఎక్కువగా 4 చెయిన్ల దగ్గరే జరుగుతాయి. పైచెయిన్‌లో చివరి సింగిల్ వేయడం మరిచిపోతే 28 అవుతాయి, అంచు లోపలికి వాలుతుంది. 4 చెయిన్లు వేశాక మొదటి కుట్టులో కూడా ట్రెబుల్ వేసేస్తే 30 అవుతాయి. కాబట్టి 4 చెయిన్లు వేయగానే పైదానికి మార్కర్ తగిలించండి. ఆ చెయిన్ల పక్కన సందు పెద్దగా కనబడితే 4కు బదులు 3 వేసినా ఫరవాలేదు.

లెక్క సరిగ్గానే ఉన్నా అలలు ఒకవైపుకి జరుగుతున్నాయంటే మధ్యలో ఎక్కడో ఒక కుట్టు దాటేసి, ఇంకోచోట ఒకే కుట్టులో రెండు వేసి ఉంటారు. హాఫ్ డబుల్ దగ్గర ఇది తరచు జరుగుతుంది. దానికి నెత్తి మీద ఉండే జడలాంటి రెండు దారాలకు తోడు వెనక ఇంకో అడ్డదారం ఉంటుంది, హుక్ పొరపాటున దాంట్లోకి పోతుంది. జడ రెండు పాయల కిందికీ హుక్ పోయిందో లేదో చూసుకోండి.

మిట్టలు లేవకుండా అల చప్పగా ఉంటే దోషం ట్రెబుల్‌ది. హుక్ దూర్చి దారం లాగేటప్పుడు ఆ మొదటి లూప్‌ని కాస్త పైకి ఎత్తాలి. కుట్టు ఎత్తు అక్కడే తేలిపోతుంది, తర్వాత ఎంత లాగినా పెరగదు. సింగిల్‌కి మాత్రం లూప్ ఎత్తకండి. ట్రెబుల్ పొట్టిగా, సింగిల్ వదులుగా వేసేవాళ్లకు ఆ 5 లెక్క కుదరక పూడ్చిన వరుస కూడా ఎగుడుదిగుడుగానే ఉంటుంది.

వెడల్పు పెంచాలంటే నమూనాలో 14 కుట్ల వెడల్పు కొలవండి. అది 9 సెం.మీ. వచ్చి, మీకు 90 సెం.మీ. దుప్పటి కావాలంటే 10 అలలు: 141 కుట్లు, 142 చెయిన్లు. దారం ఎంత పడుతుందో అంచనా వేయడానికి, పెద్ద ముక్కలో ఒక చార వేసే ముందూ వేశాకా ఉండని తూచండి. ఆ తేడాని చారల సంఖ్యతో గుణించి, కొసలకూ అంచుకూ ఒక ఉండ అదనంగా పెట్టుకోండి.

ఆఖరున పూడ్చే వరుసతో ఆపి, దాని మీద ఒక వరుస సింగిల్ వేస్తే పైఅంచు కిందిదానికి జోడవుతుంది. చుట్టూ అంచు కట్టేటప్పుడు పక్కల్లో ఒక్కో చారకు 4 సింగిల్, మూలల్లో ఒకే కుట్టులో 3. అంచు కుచ్చిళ్లు పడితే పక్కల్లో ఒకటి తగ్గించండి, బిగుసుకుంటే ఒకటి పెంచండి. ఉన్ని అయితే తడిపి, పిండకుండా నీరు అద్ది, గుండుసూదులతో చదునుగా పరిచి ఆరనివ్వాలి. ఆక్రిలిక్‌కి ఇస్త్రీ పెట్టె తగలకూడదు, పైనుంచి ఆవిరి పట్టించి చేత్తో సర్దితే చాలు. వేడి తగిలితే దారం మెత్తబడి సాగి, అల మళ్లీ లేవదు.