కుక్క ఉన్నవాళ్లు అద్దె ఇల్లు వెతుక్కోవడం ఎలా?

టు-లెట్ బోర్డు మీద నంబరుకి ఫోన్ చేసి “పెట్స్ అలౌడా అండీ?” అని అడిగితే ఏం జవాబొస్తుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. “లేదమ్మా.” వెంటనే ఫోన్ కట్. అయినా తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు అదే మాట అదే తీరుగా ముప్పై ఇళ్లకి ఫోన్ చేసి అడుగుతారు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి, హైదరాబాద్‌లో కుక్క ఉన్నవాళ్లకి ఇల్లు దొరకదని తేల్చేస్తారు. దొరుకుతుంది. 9 ఏళ్లలో మేం 5 ఇళ్లు మారాం, నేనూ మా ఆయనా మా కాటుకా. కాటుక 18 కిలోల నల్ల వీధికుక్క. చూడగానే ఎత్తుకోవాలనిపించే పామేరియన్ కాదు, పేరు చెప్పగానే జనం మెత్తబడే లాబ్రడార్ కూడా కాదు. దానికే దొరికితే మీదానికి దొరక్కపోవడమేంటి?

దగ్గర ఉండాల్సినవి

టీకాల పుస్తకం (రేబిస్ టీకా వేయించి ఏడాది దాటకూడదు), కుక్కని మునిసిపల్ కార్పొరేషన్‌లో రిజిస్టర్ చేయించిన కాగితం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉంటే ఆ చీటీ, ఇప్పుడున్న ఇంటి ఓనరు ఫోన్ నంబరు. రెండు నెలల అడ్వాన్సు, దాని పైన ఇంకో నెల డబ్బు. వెతకడానికి కనీసం రెండు నెలల టైము. ఇంకేం అక్కర్లేదు. ఈ మధ్య కుక్కకి బయోడేటా తయారుచేసి, ఫొటోలు పెట్టి ఓనర్లకి పంపుతున్నారు. అది చూసి ఓనర్లు ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు, ఇల్లు మాత్రం ఇవ్వరు.

ఎప్పుడు, ఎక్కడ

ఏప్రిల్, మే నెలల్లో వెతకొద్దు. బళ్లు తెరిచేలోపు ఇల్లు మారాలని అందరూ ఎగబడతారు. ఒక్క పోర్షన్‌కి పదిమంది క్యూ కడితే కుక్క ఉన్నవాళ్లకి ఎందుకిస్తారు? ఆషాఢంలో వెతకండి. ఆ నెలలో కొత్తింట్లోకి ఎవరూ దిగరు, ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఓనరు గొంతు కూడా మారుతుంది. పట్టింపు ఉంటే శ్రావణంలో మంచిరోజు చూసి పాలు పొంగించండి, అద్దె మాత్రం ఆషాఢం నుంచే కడతామని చెప్పండి. మా మూడో ఇల్లు, ఐదో ఇల్లు అలాగే దొరికాయి.

సైనిక్‌పురి, యాప్రాల్, అల్వాల్ వైపు విడి ఇళ్లు ఎక్కువ, మిలిటరీలో చేసి రిటైరైనవాళ్లు ఎక్కువ, వాళ్లలో చాలామందికి కుక్కలు అలవాటే. పొద్దున ఆరింటికి ఆ వీధుల్లో నడవండి. కుక్కని తిప్పుతున్నవాళ్లని ఆపి అడిగితే గంటలో తెలిసేది, యాప్‌లో వారం చూసినా తెలియదు. యాప్‌లో ‘పెట్స్ ఓకే’ అని టిక్కు పెట్టింది ఏ బ్రోకరో అయ్యుంటాడు, ఓనరుకి ఆ టిక్కు సంగతే తెలియదు. అపార్ట్‌మెంట్ అయితే ముందు వాచ్‌మన్‌ని అడగండి, ఎన్ని ఫ్లాట్లలో కుక్కలున్నాయని. ఒక్కటీ లేదంటే వచ్చేయండి. ఒక్కటే ఉందంటే ఇంకా త్వరగా వచ్చేయండి, అక్కడ ఇప్పటికే ఏదో గొడవ నడుస్తూ ఉంటుంది. మూడు నాలుగు ఉంటే లోపలికెళ్లి ఇల్లు చూడండి.

గ్రౌండ్ ఫ్లోరే తీసుకోవాలి. ఇందులో బేరం లేదు. పై అంతస్తులో అర్ధరాత్రి కుక్క లేచి నీళ్లగిన్నె దగ్గరికి వెళ్తే, కింది వాళ్లకి టైల్స్ మీద గోళ్ల చప్పుడు టకటకా వినిపిస్తుంది. మూడో రోజుకి కంప్లైంటు.

ఇంకో మాట. ఓనరు అమెరికాలో ఉన్న ఇల్లయితే బెస్టని, అడిగేవాళ్లుండరని అందరూ సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. దూరాన ఉన్న ఓనరుకి మీ కుక్క కనిపించేది పక్కింటివాళ్లు వాట్సాప్‌లో పంపే వీడియోల్లోనే, ఆ వీడియోలన్నింట్లో అది మొరుగుతూనే ఉంటుంది. పైన ఓనరు కాపురముంటే ఆయన రోజూ దాన్ని చూస్తాడు. రెండో నెలకి “ఏమ్మా, ఇవాళ కాటుక కనబడలేదేంటి?” అని అడుగుతాడు.

అసలు కష్టం: ఓనరుకి చెప్పడం

అందరూ పాడుచేసుకునేది ఇక్కడే.

మొదటి తప్పు, దాచడం. మా రెండో ఇంటికి బ్రోకరు “ముందు దిగండి మేడం, తర్వాత చూసుకుందాం” అన్నాడు. దిగాం. 11వ రోజున నీళ్ల మోటారు చూడ్డానికి ఓనరు ఆంటీ కిందికొచ్చారు, లోపల్నుంచి కాటుక ఒక్క మొరుగు మొరిగింది. నెలలో ఖాళీ చేయమన్నారు. వెళ్లేరోజు తాళాలు ఇస్తుంటే ఆవిడే చెప్పారు, వాళ్లింట్లోనూ పన్నెండేళ్లు కుక్క ఉండేదట. ముందే అడిగి ఉంటే ఇచ్చేవారే. ఆ షిఫ్టింగ్ ఖర్చు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

రెండో తప్పు, మొదటి మాటగా అదే చెప్పడం. ఫోన్లో ముందు మీరెవరో చెప్పండి. ఏం ఉద్యోగం, ఇంట్లో ఎంతమంది, ఇప్పుడెక్కడ ఉంటున్నారు, ఎందుకు మారుతున్నారు. ఓనరు కూడా రెండు ప్రశ్నలు అడిగాక, ఇల్లు చూడ్డానికి టైము ఖాయం చేసుకునే ముందు చెప్పండి: “అండీ, మాకో కుక్క ఉంది. ఆరేళ్లది. ఇంట్లోనే ఉంటుంది.” పెట్ అనకండి, కుక్క అనే అనండి. పెట్ అంటే మొసలిని పెంచుతున్నారేమో అన్నట్టు కంగారుపడతారు. చిన్నదేనండీ అని కూడా అనకండి, నిజంగా చిన్నదైతే తప్ప. చెప్పాక ఆగండి. మనవాళ్లు ఇక్కడ ఆగలేరు. చాలా మంచిదండీ, ఏం చేయదండీ, మా అమ్మాయిలాంటిదండీ అంటూ ఊదరగొడతారు. అవతలివాళ్లకి అప్పటిదాకా లేని అనుమానాలు అప్పుడు మొదలవుతాయి.

“మా అత్తగారికి మడి, కుదరదమ్మా” అంటే, సరేనండీ అని ఫోన్ పెట్టేయండి. దానికి జవాబు లేదు, ఉండక్కర్లేదు. “తలుపులు గీకుతుందేమో” అంటే మాత్రం సగం ఒప్పుకున్నట్టే, ఆ మాట పట్టుకోండి. ఆయన “మా ఆవిడని అడిగి చెప్తా” అంటే ఆయన చెప్పేదాకా కూర్చోకండి. ఇల్లు ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆవిడే కాబట్టి, “నేను ఆంటీతో ఒకసారి మాట్లాడొచ్చా అండీ?” అని అడగండి. ఆవిడ మొట్టమొదట అడిగేది, దానికి ఏం పెడతారని. మేం వారానికి మూడు రోజులు చికెన్ ఉడికించి పెడతాం, అదే చెప్తాను. ఆ జవాబుతో తార్నాకలో చక్కటి ఇల్లు పోయింది. పోతే పోయింది, దిగాక చికెన్ వాసన పట్టుబడితే అంతకంటే నష్టం.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కుక్కని వెంటపెట్టుకెళ్లొద్దు. మేం తీసుకెళ్లాం ఒకసారి. గేటు తీయగానే కాటుక ముగ్గు మధ్యలో కూర్చుని పోసేసింది. తులసికోట ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది, దేవుడి దయ. దానికి బదులు వాళ్లనే మీ ఇంటికి టీకి పిలవండి. ఇది ఎవరికి చెప్పినా “ఓనర్లు మనింటికొస్తారా?” అంటారు. పిలిస్తే వస్తారు. ఐదింట మూడుసార్లు వచ్చారు, వచ్చిన ముగ్గురూ ఇల్లిచ్చారు.

వాళ్లొచ్చే ముందు అగరబత్తి వెలిగించకండి, ఫినాయిల్ తో తుడవకండి. గడప దాటగానే వాళ్లు చేసే మొదటి పని వాసన చూడటం, ఘాటు తగిలితే ఏదో కప్పిపుచ్చుతున్నారనుకుంటారు. గంట ముందే కుక్కని బాగా నడిపించి అలసిపోనివ్వండి. బెల్టు చేత్తో పట్టుకుని ఉండండి, వాళ్లు వదలమంటేనే వదలండి. తలుపు చట్రాలు, సోఫా కాళ్లు, గోడ మూలలు మీరే చూపించండి. ఒకచోట గీతలుంటే అవీ చూపించి, ఎంతకి బాగుచేయించారో చెప్పండి.

చట్టం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఫోన్లో పెట్టుకుని ఓనర్లతో వాదించే కుర్రాళ్లని చూశాను. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ ఎక్కనివ్వం అనకూడదు. అది అసోసియేషన్‌కి చెప్పిన మాట. తన ఇల్లు ఫలానావాళ్లకే ఇవ్వాలని ఓనరుని ఒత్తిడి చేసే మాట అందులో లేదు. ఇంట్లో దిగాక సెక్రటరీతో పేచీ వస్తే అప్పుడు తీయండి ఆ కాగితం.

అగ్రిమెంటు

అద్దె అగ్రిమెంటు అందరూ 11 నెలలకే రాసుకుంటారు. జిరాక్స్ షాపులో కంప్యూటర్లో ఉన్న పాత మ్యాటర్‌లోనే పేర్లు మార్చి స్టాంపు పేపర్ మీద ప్రింటు తీసిస్తాడు. అందులో పెంపుడు జంతువులు ఉండకూడదన్న లైను దాదాపు ప్రతిసారీ ఉంటుంది. ఓనరుకీ తెలియదు, మీరూ చదవరు. చదివి తీయించండి. దాని చోట మీ కుక్క రంగు, వయసు, దాన్ని ఓనరు ఒప్పుకున్నారన్న మాట, తలుపులు పాడైతే ఎంతవరకు అడ్వాన్సులో కోసుకోవచ్చో రాయించండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి నెల అద్దె ఎలాగూ పోతుంది, కుక్క పేరు చెప్పి రెండోసారి కోయకుండా అదీ రాయించుకోవాలి. అద్దె పెంచి ఇస్తామని మాత్రం ఎప్పుడూ అనకండి. ఇవ్వాలనుకుంటే అడ్వాన్సు పెంచండి, అది తిరిగొస్తుంది.

పిల్లులున్నవాళ్లు బాల్కనీకి వల కట్టించుకుంటామని ముందే చెప్పండి. ఎదురొచ్చే సంగతిలో నేనేం సాయం చేయలేను.

దిగాక

సామాన్లు దించకముందే తలుపులన్నీ ఫొటోలు తీసి ఓనరుకి పంపండి. పాలు పొంగించిన రోజు పరమాన్నం ఇచ్చేటప్పుడు కుక్క ఉందని ఇరుగుపొరుగుకి చెప్పేయండి, మొరిగితే ముందు మీకే ఫోన్ చేయమని నంబరివ్వండి. మొదటి వారం ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. కొత్త వీధి కుక్కలు మీదాన్ని వెంటనే రానివ్వవు, కాబట్టి ఓ పది రోజులు వాకింగ్‌కి జేబులో బిస్కట్ ప్యాకెట్ లేకుండా వెళ్లకండి. మీదానికి ఒక్కటీ పెట్టొద్దు, అన్నీ వాటికే.