ఎదుటి మనిషి మనసు తెలుసుకోవాలంటే

'ఎలా ఉన్నావ్' అంటే 'బాగున్నా' అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. దాని బదులు 'ఈ మధ్య నీ మనసులో ఎక్కువగా ఏం తిరుగుతోంది?' అని అడిగి, వాళ్లు కాసేపు మౌనంగా ఉన్నా సరే మీరు ఆగండి, అసలు మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే బయటికొస్తుంది. సలహా ఇవ్వాలనిపిస్తుంది, ఆపుకోండి. 'అంటే కోపం కంటే బాధే ఎక్కువైందా?' అని మీకు అర్థమైంది చెప్పి చూడండి, తప్పైతే వాళ్లే సరిదిద్దుతారు.

మీ సంగతీ చెప్పాలి. 1997లో అమెరికా మనస్తత్వవేత్త ఆర్థర్ ఆరన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, ముక్కూమొహం తెలియని ఇద్దరిద్దరు 45 నిమిషాల పాటు తేలిక నుంచి లోతుకు వెళ్లే ప్రశ్నలకు ఒకరికొకరు జవాబులు చెప్పుకున్నారు, ఉత్త కబుర్లు చెప్పుకున్నవాళ్ల కంటే ఎక్కువ దగ్గరయ్యారు. అక్కడా మొదలైంది తేలిక ప్రశ్నలతోనే, అందుకే మొదటి రోజే పాత గాయాలు కెలకొద్దు. వాళ్లు చెప్పిన చిన్న విషయాన్ని గుర్తుపెట్టుకుని వారం తర్వాత మళ్లీ అడగండి.