జురా వైన్ పాఠాలు - 4: వాన్ జోన్‌కు జోడీలు

పోయిన పాఠం చదివి వాన్ జోన్ (తూర్పు ఫ్రాన్సులోని జురా ప్రాంతపు పసుపు వైన్) కొనుక్కున్న చాలామందిది ఒకటే ఫిర్యాదు: "చెడిపోయిన సీసా వచ్చింది." ఈసారి నేరుగా కోడి వంటకంలోకి వెళ్దామనుకున్నాను. ఆ సీసాలు సింకు పాలు కాకముందే ఇది తేల్చాలి.

అది చెడిపోలేదు. సావన్యాన్ ద్రాక్ష వైన్‌ను పీపాలో పోసి, ఆవిరై తగ్గినా మళ్లీ నింపరు. పైన ఈస్టు తెట్టు కడుతుంది. ఆ తెట్టు ఆల్కహాల్‌లో కొంత భాగాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. పచ్చి ఆపిల్, అక్రోటు వాసన దానివల్లే. నిబంధన ప్రకారం కనీసం 60 నెలలు తెట్టు కింద ఉండాలి. ఆ ఏళ్లలోనే సొటొలాన్ అనే వాసన పదార్థం కూడా పెరుగుతుంది. మెంతులకు వాటి వాసన ఇచ్చేది సరిగ్గా ఈ పదార్థమే. కాబట్టి ఈ వైన్ తెలుగు ముక్కుకు కొత్తేమీ కాదు, గ్లాసులో తగలడమే కొత్త.

నిజంగా పాడైన సీసా వేరుగా ఉంటుంది. ముక్కులో కుట్టే వెనిగర్ ఘాటు, గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తాయి. గ్లాసులో గంట ఉంచినా అవి తగ్గవు. మంచి వాన్ జోన్‌లో ఆ గంటకు అక్రోటు వాసన ఇంకా విచ్చుకుంటుంది.

అసలు తప్పు ఫ్రిజ్‌ది. 5 డిగ్రీల దగ్గర వాసనలు పైకి లేవవు, పులుపు మాత్రం నాలుకను కోస్తుంది. తాగాల్సింది 14 నుంచి 16 డిగ్రీల మధ్య. "గది ఉష్ణోగ్రత" అన్న మాటను నమ్మకండి. అది పాతకాలపు ఫ్రాన్సు ఇళ్ల చల్లటి గదుల లెక్క, మే నెల విజయవాడది కాదు. 30 డిగ్రీల గదిలో అయితే ఫ్రిజ్ నుంచి తీశాక సుమారు ముప్పావు గంట పడుతుంది. వంటింటి థర్మామీటరు గ్లాసులో ముంచి చూడండి, అంచనా వేయకండి. మూత మాత్రం పొద్దున్నే తీసేయండి, రాత్రి భోజనానికి సరిపోతుంది. తెరిచిన సీసాకు మళ్లీ బిరడా పెట్టి చల్లగా ఉంచితే వారాల తరబడి నిలుస్తుంది, తొందరేమీ లేదు.

కొనేటప్పుడు 62 సెంటీలీటర్ల పొట్టి సీసా, క్లావ్లాన్, చూడండి. చీటీ మీద "వుయే" అని ఉంటే అది పీపా నింపుతూ పెంచిన సావన్యాన్. మంచిదే, కానీ ఈ పాఠానికి పనికిరాదు.

ఇక పక్కన పెట్టేవి. కోంతే (జురా ప్రాంతపు గట్టి ఆవుపాల చీజ్) 18 నెలలు దాటినది తీసుకోండి. 12 నెలల లోపుది పాల రుచి మీదే ఉంటుంది, వైన్ దాన్ని మింగేస్తుంది. గంట ముందు బయట పెట్టాలి. దానితోపాటు అక్రోట్లు. చింతపండు పులుసు, ఆవకాయ వద్దు: ఆ పులుపు పక్కన వైన్ చప్పబడుతుంది, 14 శాతం ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది. మీగడతో వండిన, కారం తగ్గించిన మెంతికూర కోడి మాత్రం నాకు బాగా ఇష్టం.

జురా వంట మోరెల్ పుట్టగొడుగుల కోడి. 30 గ్రాముల ఎండు మోరెల్‌లను 300 మి.లీ. గోరువెచ్చటి నీళ్లలో 40 నిమిషాలు నానబెట్టి, ఇసుక పోయేలా కడిగి, ఆ నీళ్లను బట్టలో వడకట్టండి. కిలోన్నర కోడి ముక్కలను వెన్నలో వేయించి, 200 మి.లీ. చవకరకం సావన్యాన్ పోసి సగానికి మరిగించాలి. తర్వాత మోరెల్‌లు, వాటి నీళ్లు వేసి అరగంట ఉడికించండి. పచ్చి మోరెల్ విషం, 20 నిమిషాలకు తగ్గించకూడదు. 300 మి.లీ. చిక్కటి క్రీమ్ చేర్చి, చిక్కబడ్డాక పొయ్యి ఆపి, అప్పుడే మూడు చెంచాల వాన్ జోన్ కలపండి. మొదట్లోనే పోస్తే ఖరీదైన వాసనంతా ఆవిరిలో పోతుంది.

సాధన: చెంచాడు మెంతులు దోరగా వేయించి, 100 మి.లీ. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వాసన చూడండి. తర్వాత వైన్‌ను 8, 12, 16 డిగ్రీల దగ్గర మూడుసార్లు చూసి, మెంతి ఎక్కడ దొరికిందో రాసుకోండి. ఇదే సీసాతో 3వ, 7వ, 14వ రోజున మళ్లీ చేయండి, ప్రతిసారీ కోంతే ముక్క నమిలాక ఒక గుక్క. ఆ నాలుగు రోజుల రాతలు దగ్గర పెట్టుకుని 5వ పాఠం మొదలుపెట్టండి.