వైజాగ్‌లో కొత్తగా అద్దెకు దిగారా? తక్కువ ఖర్చుతో హాయిగా ఉండాలంటే ఇలా చేయండి

ముందుగా, కూలర్ కొనకండి. హైదరాబాద్ నుంచో అనంతపురం నుంచో వచ్చినవాళ్లు ఎండలు మొదలవగానే చేసే పని అదే. అక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు త్వరగా ఆవిరై గది చల్లబడుతుంది, ఇక్కడ గాలిలోనే కావలసినంత తేమ ఉంది, కూలర్ పెడితే ఉక్క ఇంకా పెరిగి ఒళ్లంతా జిడ్డు జిడ్డుగా అయిపోతుంది.

పై అంతస్తులో ఉంటే ఓనర్‌ని అడిగి మార్చిలోనే డాబా మీద సున్నం వేయించుకోండి, లేదా మీరే వేసుకోండి. ముందు రోజు సాయంత్రం పాత ఇనప డబ్బాలో నీళ్లు పోసి సున్నపు రాళ్లు కొన్ని కొన్నిగా వేయాలి. వేయగానే కుతకుతా ఉడికి పొగలు కక్కుతుంది, అందుకే ప్లాస్టిక్ బకెట్ వద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, కంట్లో పడితే చాలా ప్రమాదం కాబట్టి కళ్లజోడు పెట్టుకోండి. తెల్లారాక గుడ్డలో వడకట్టి, కాస్త ఫెవికాల్ కలిపి, మజ్జిగంత పల్చగా చేసి, ఊడ్చి కడిగిన డాబా మీద రెండు పూతలు వేయండి. మా ఇంట్లో సున్నం వేయకముందు రాత్రి పదింటికి కూడా ఫ్యాన్ కింద వేడిగాలే వచ్చేది, వేశాక ఆ బాధ తప్పింది. వానలకి కొట్టుకుపోతుంది, ఏటా మళ్లీ వేసుకోవాల్సిందే.

మనకి సముద్రం ఆగ్నేయం వైపు. పగలు నేల వేడెక్కాక గాలి అటు నుంచే వస్తుంది, కాబట్టి ఆ వైపు కిటికీకి బీరువా అడ్డం పెట్టకండి, ఎదుటి వైపు కిటికీ కూడా తీసి ఉంచితేనే గాలి ఆడుతుంది.

కూరగాయలు రైతు బజార్లోనే కొనండి, సీతమ్మధారలో, ఎంవీపీ కాలనీలో ఉన్నాయి. లోపలికి వెళ్లగానే ధరల బోర్డు చూసుకుంటే బేరం టెన్షన్ ఉండదు. చేపలకి తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాలి, అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకి నిషేధం, ఆ రెండు నెలలూ తాజా చేప తక్కువ, రేటు ఎక్కువ.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు, ఆధార్ లాంటి కార్డు దగ్గర ఉంచుకుని జీరో టికెట్ తప్పకుండా తీసుకోండి. ఆదివారం పిల్లల్ని 900కె ఎక్కించి భీమిలి తీసుకెళ్లండి, వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే రుషికొండ దాటాక కూడా సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. అంతకంటే చవకైన షికారు నాకు తెలియదు.

ఇక నడక. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు, అప్పుడు వెళ్తే రోడ్డంతా మనదే. నీళ్లలోకి మాత్రం పాదాలు తడిసేంత వరకే దిగండి. పైకి ప్రశాంతంగా కనిపించినా కెరటం వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్లే కొట్టుకుపోయారు, పిల్లల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలొద్దు.