క్రషింగ్ మొదలవకముందే టర్బైన్ గేర్‌బాక్స్ పళ్లు చూసుకోండి

నవంబరు, డిసెంబరుల్లో చక్కెర మిల్లు బాయిలర్ ఒకసారి వెలిగిందంటే, సీజన్ అయ్యేదాకా ఆపాలంటే ప్రాణం మీదికొస్తుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఆవిరి టర్బైన్ వేగాన్ని ఐదారు చుట్లకు దించి చెరకు పిండే రోలర్లకు అందించేవి గేర్లే. కొత్త పినియన్ (జతలో చిన్న గేరు) చేయిస్తున్నా, పాతదే బిగిస్తున్నా, ఉక్కు ఎంత గట్టిదో చూసి ఊరుకోకండి. పంటికి పన్ను ఎక్కడ తాకుతోందో చూడండి.

లోపల చేయి పెట్టే ముందు మెయిన్ స్టీమ్ వాల్వ్ మూసి తాళం వేయండి, డ్రెయిన్ తెరిచే ఉంచండి. వాల్వ్ కాస్త లీకైనా టర్బైన్‌లో తిరిగే భాగం, అంటే రోటర్, కదలొచ్చు.

పినియన్ పళ్లకు ప్రష్యన్ బ్లూ (తాకిన చోట మరక వదిలే నీలి రంగు) పలచగా రాసి చేత్తో తిప్పండి. లోడ్ పడ్డాక సరిపోయేలా కొన్ని పళ్లను కావాలనే సవరించి కోస్తారు, కాబట్టి మరకను డ్రాయింగుతో పోల్చండి. అలాంటి సవరణ లేకుండా ఒక చివరే అంటిందంటే బరువంతా అక్కడే పడుతోంది, కొన్నాళ్లకు ఆ చోట గుంటలు పడతాయి. దయచేసి ఆకురాయి పట్టకండి. ముందు షాఫ్టు, బేరింగులు ఎలా కూర్చున్నాయో సరిచూడండి.

చల్లగా ఉన్నప్పుడు కుదిరిన అలైన్‌మెంట్, అంటే షాఫ్టుల వరస, వేడెక్కాక నిలవదు. యంత్రాన్ని మోసే అర మీటరు ఎత్తున్న ఉక్కు కాలు 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ తేడాను ముందే లెక్కేసి బిగించండి.

కొత్త గేర్లు గీయించేటప్పుడు 19 పళ్ల పినియన్‌కు 95 పళ్ల చక్రం పెట్టకండి, ఎప్పుడూ అవే పళ్లు కలుస్తాయి. 96 పెడితే ప్రతి పన్నూ అన్నిటితో కలుస్తుంది, అరుగుదల సమంగా పంచుకుంటాయి. పినియన్ ఎక్కువ సార్లు తిరుగుతుంది కాబట్టి దాన్నే ఇంకాస్త గట్టిగా చేయించండి.

ఒక రోలర్ నుంచి ఇంకో రోలర్‌ను తిప్పే క్రౌన్ పినియన్ల సంగతి వేరు. చెరకు దట్టంగా పడితే పై రోలర్ హైడ్రాలిక్ ఒత్తిడిని తోసుకుని లేస్తుంది, పళ్ల పట్టు తగ్గుతుంది. వాటి పళ్లు పొడుగ్గా ఉండేది అందుకే. రోలర్ పూర్తిగా లేచినప్పుడు ఎంత లోతు కలుస్తున్నాయో కూడా కొలవండి.

ఇక ఆయిల్. షాఫ్టు చుట్టూ ఆవిరిని ఆపే గ్లాండ్ల నుంచి ఆవిరి చేరితే పాలలా తెల్లబడుతుంది. వైట్ మెటల్ (మెత్తని లోహపు పూత) బేరింగులో షాఫ్టును మోసేది ఆ నూనె పొరే. ముందు ఆక్సిలరీ పంపు (టర్బైన్ తిరగకున్నా నూనె పంపే విడి పంపు), ఆ తర్వాతే ఆవిరి. ఆపినప్పుడు రోటర్ నిలిచాక కూడా పంపును కాసేపు నడవనివ్వండి, లేకపోతే షాఫ్టులోని వేడి బేరింగుకు పాకుతుంది.