జలుబు, జ్వరం రోజుల్లో చిగుళ్లను ఎలా చూసుకోవాలి?

జ్వరమొస్తే మనం మొదట మానేసేది పళ్లు తోముకోవడమే. లేచే ఓపిక ఉండదు, పేస్టు వాసనకే కడుపులో తిప్పుతుంది. కానీ చిగుళ్లకు అసలు గడ్డు రోజులు అవే. ముక్కు దిబ్బడేసి నోటితో గాలి పీలుస్తాం, నోరు ఎండిపోయి పాచి పేరుకుంటుంది. అందులోని బ్యాక్టీరియా నిద్రలో ఉమ్మితోపాటు కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఫ్లూతో దెబ్బతిన్న ఊపిరితిత్తులు దాన్ని తరమలేకపోతే న్యుమోనియా రావచ్చు.

ఖతార్‌లో 568 మంది కొవిడ్ రోగుల రికార్డులతో 2021లో ఒక అధ్యయనం వచ్చింది. పళ్ల చుట్టూ ఎముక అరిగేదాకా చిగుళ్ల వ్యాధి ముదిరినవాళ్లు ఐసీయూలో చేరే అవకాశం సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. చిగుళ్ల వల్లే కొవిడ్ ముదిరిందని దీన్నిబట్టి చెప్పలేం. బ్రష్ చేస్తే వైరస్ రాదని అంతకన్నా చెప్పలేం.

ముందు అద్దంలో చూసుకోండి. చిగుళ్లు ఎర్రగా ఉబ్బినా, తోమేటప్పుడు రక్తం వచ్చినా వాపు ఉన్నట్టే. రక్తం చూసి తోమడం ఆపేస్తే పాచి ఇంకా పెరుగుతుంది.

మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి, చిన్నచిన్నగా కదుపుతూ రెండు నిమిషాలు తోమండి. రోజుకు రెండుసార్లు. నిలబడలేకపోతే మంచం మీద కూర్చునే, పక్కన మగ్గు పెట్టుకుని కానివ్వండి. వాంతి అయితే వెంటనే తోమకుండా నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి. చక్కెర ఉన్న దగ్గు సిరప్ తాగాక కూడా పుక్కిలించాలి, ముఖ్యంగా రాత్రి. బ్రష్‌ను ఇంట్లోవాళ్ల బ్రష్‌లున్న గ్లాసులో పెట్టకండి.

మంచాన పడిన పెద్దవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తల ఎత్తి కూర్చోబెట్టి, తడి గాజుగుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవండి. నోట్లో నీళ్లు పోయొద్దు, పొలమారుతుంది. కట్టుడు పళ్లు రాత్రి తీసి, కడిగి, నీళ్లలో వేయాలి.

జ్వరం తగ్గాక కూడా రక్తం వస్తుంటే డెంటిస్టును కలవండి, షుగర్ ఉన్నవాళ్లు అసలు వాయిదా వేయొద్దు. పళ్లకు పట్టిన గారను తీసే స్కేలింగ్‌తో పళ్లు వదులవుతాయని మన దగ్గర చాలామంది భయం. అప్పటికే ఎముక అరిగి వదులైన పళ్లను గార పట్టి ఉంచుతుంది. అది పోయాక కదులుతున్నట్టు తెలుస్తుంది, అంతే.